ఇంజిన్‌కు ఆకలేస్తే...

కారు పాతదే. కానీ ఇంట్లో మనిషిలా కలిసిపోయింది. నిన్నటిదాకా చెప్పినట్టు విన్న బండి ఉన్నట్టుండి మొరాయిస్తుంది. ప్లగ్గులు మారుస్తారు, సెన్సర్లు మారుస్తారు. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే చాలాసార్లు అసలు జబ్బు వేరు. ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువవుతుంది. మెకానిక్కుల మాటల్లో చెప్పాలంటే బండి 'లీన్'గా నడుస్తోంది!

ఆదివారం ఉదయం. ముందు సీట్లో అమ్మానాన్నా, వెనక ఇద్దరు పిల్లలూ నానమ్మా. బంధువులింట్లో గృహప్రవేశానికి బయల్దేరారు. కారు కొని పదిహేనేళ్లు దాటింది. మొన్ననే రీరిజిస్ట్రేషన్ కూడా చేయించారు. ఊళ్లో ఉన్నంతసేపూ బాగానే నడిచింది. ఊరు దాటాక రెండు వరుసల రోడ్డు. ముందు ఇసుక లారీ. ఎదురుగా ఏమీ రావడంలేదని చూసుకుని నాన్న యాక్సిలరేటర్ తొక్కాడు. కారు ముందుకు ఉరకాలి కదా... ఉరకలేదు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, రెండు కుదుపులు కుదిపింది. ఇంకా లారీ పక్కనే ఉంది. అంతలో ఎదురుగా బస్సు! బ్రేకు తొక్కి మళ్లీ లారీ వెనక్కి చేరేసరికి నాన్న చొక్కా తడిసిపోయింది. కాసేపు కార్లో ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే, 'పికప్ లేదా సార్? ప్లగ్గులు మార్చేద్దాం' అన్నారు. మార్చారు. తేడా లేదు. ఇంకోచోట స్కానర్ పెట్టి 'ఆక్సిజన్ సెన్సరు లీన్ చూపిస్తోంది. సెన్సరు పోయినట్టుంది' అన్నారు. అదీ మార్చారు. జేబుకు చిల్లు పడింది తప్ప కారు నడకేమీ మారలేదు.

పాత కారున్న చాలా ఇళ్లలో ఇలాంటి కథే ఒకటి ఉంటుంది. కొందరు విసిగిపోయి, బంగారం లాంటి బండిని వచ్చిన ధరకు అమ్మేస్తారు. మరికొందరు 'పాతదైపోయింది, అంతేలే' అని సర్దుకుపోతారు. కానీ ఈ జబ్బు వయసుతో వచ్చేది కాదు. కారణం దొరికితే నయమయ్యేదే. దొరకబట్టడానికీ ఓ పద్ధతుంది.

వంటలో పాళ్లు కుదరాలి

పెట్రోలు ఒక్కటే మండదు. దానికి గాలి తోడవ్వాలి. అదీ లెక్కప్రకారం. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఇంకోలా చెప్పాలంటే ఒక్క లీటరు పెట్రోలు కోసం ఇంజిన్ దాదాపు తొమ్మిది వేల లీటర్ల గాలి పీల్చుకోవాలి! ఈ పాళ్లకన్నా పెట్రోలు ఎక్కువైతే అది 'రిచ్' మిశ్రమం. పొగగొట్టం నుంచి నల్లటి పొగ, పెట్రోలు వాసన వస్తాయి కాబట్టి ఎవరైనా ఇట్టే పట్టేస్తారు. గాలి ఎక్కువైతే 'లీన్'. దీంతోనే చిక్కు. పొగ రాదు, వాసన ఉండదు. పైకి అంతా శుభ్రంగా కనిపిస్తుంది.

లోపల మాత్రం ఇంజిన్ ఆకలితో నకనకలాడుతుంటుంది. పలచబడ్డ మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. ఒక్కోసారి అసలు అంటుకోదు. అదే 'మిస్సింగ్'. ఉదయం స్టార్ట్ చేయగానే వణుకు, సిగ్నల్ దగ్గర ఆగితే ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందికీ ఊగడం, యాక్సిలరేటర్ తొక్కగానే తటపటాయింపు, ఎప్పుడైనా గాలి లోపలికెళ్లే వైపు నుంచి 'టప్'మని శబ్దం... ఇవన్నీ ఆ ఆకలి కేకలే.

'లీన్ అయితే మంచిదేగా, పెట్రోలు ఆదా' అనుకునేవాళ్లూ ఉన్నారు. కార్బురేటర్ల కాలంలో మైలేజీ కోసం స్క్రూ బిగించి మిశ్రమాన్ని పలచబరిచిన అలవాటు అది. నిజానికి ఇంజిన్ శక్తి తగ్గినప్పుడు నడిపేవాళ్లు తెలియకుండానే యాక్సిలరేటర్ మరింత తొక్కుతారు. మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. పైగా బరువు లాగేటప్పుడు మిశ్రమం పలచబడితే సిలిండర్‌లో వేడి పెరుగుతుంది, 'నాకింగ్' మొదలవుతుంది. అలాగే నడుపుతూపోతే వాల్వులు, పిస్టన్లు దెబ్బతింటాయి. మండకుండా బయటికొచ్చిన పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్నీ కరిగించగలదు. అంటే చిన్న లోపం పెద్ద బిల్లుగా మారుతుందన్నమాట!

స్క్రూ పోయి కంప్యూటర్ వచ్చె

మన రోడ్లమీద ఇంధనాన్ని కంప్యూటర్ కొలిచిపోసే కార్ల హడావుడి 1990ల చివర్లో మొదలైంది. 1998లో వచ్చిన శాంత్రో ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్‌తోనే అడుగుపెట్టింది. కాలుష్య ప్రమాణాలను బిగిస్తూ 1999లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలతో ఢిల్లీ పరిసరాల్లో 2000 ఏప్రిల్ నుంచి యూరో-2 స్థాయి నిబంధనలు అమల్లోకొచ్చాయి. ఆ ఊపులో మారుతీ 800 కూడా కార్బురేటర్‌ను వదిలి ఎంపీఎఫ్‌ఐకి మారింది. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. అయినా అలాంటి కార్లు ఇప్పటికీ మన వీధుల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

వీటిలో ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉంటుంది. ట్యాంకులోని పంపు పెట్రోలును ఒత్తిడితో పంపుతుంది. ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. లోపలికొచ్చే గాలి ఎంత, ఇంజిన్ వేడి ఎంత, కాలు ఎంత తొక్కారు... సెన్సర్లు చెప్పే ఈ వివరాలే దానికి ఆధారం. లెక్క సరిపోయిందో లేదో ఆఖర్న రుచి చూసి చెప్పేది ఆక్సిజన్ సెన్సరు. పొగగొట్టంలో కూర్చుని, మండిన వాయువులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కనిపెడుతుంది. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సరును 1976లో మొదటిసారి వోల్వో కార్లలో వాడారు.

దీని భాష చాలా తేలిక. పాత కార్లలో ఉండే రకం ఒక వోల్టు లోపే మాట్లాడుతుంది. మిశ్రమం రిచ్‌గా ఉంటే 0.8, 0.9 వోల్టులు. లీన్‌గా ఉంటే 0.1, 0.2. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ఈ అంకె ఆ చివరికీ ఈ చివరికీ చకచకా ఊగుతుంటుంది. లీన్ అని చెప్పగానే ఈసీయూ కాస్త పెట్రోలు పెంచుతుంది. రిచ్ అనగానే తగ్గిస్తుంది. ఈ సర్దుబాటునే 'ఫ్యూయల్ ట్రిమ్' అంటారు. సాధారణంగా ఇది సున్నాకు అటూఇటూ పది శాతంలోపు ఉంటే దిగులు లేదు. ప్లస్ ఇరవై, పాతిక దాకా పోయిందంటే... ఈసీయూ ఎంత వడ్డించినా ఇంజిన్ ఆకలి తీరడంలేదని అర్థం. అప్పుడే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. స్కానర్‌లో కనిపించే కోడ్ పీ0171... 'మిశ్రమం బాగా లీన్' అని.

కబురు తెచ్చినవాడిదా తప్పు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. లీన్ అని చెప్పింది ఆక్సిజన్ సెన్సరు కాబట్టి దాన్నే మార్చేస్తారు. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పిన నాలుకను తప్పుపట్టినట్టు! సెన్సరు పాడవడం ఉండదని కాదు. కానీ కొత్తది కొనేముందు పాతదాన్ని పరీక్షించడానికి పట్టేది అయిదు నిమిషాలే. అనుభవమున్న మెకానిక్ ఇంజిన్‌కు వెళ్లే గాలిలో కొద్దిగా ఇంధన ఆవిరి కలుపుతాడు. సెన్సరు వోల్టేజీ వెంటనే 0.8 దాటాలి. తర్వాత చిన్న వాక్యూమ్ పైపు ఊడదీస్తాడు. వెంటనే పడిపోవాలి. రెండూ జరిగితే సెన్సరు నిజమే చెబుతోంది.

మరో రెండు మాయలున్నాయి. సెన్సరుకు ముందు ఎగ్జాస్ట్ పైపులో చిల్లున్నా, గాస్కెట్ పోయినా బయటి గాలి లోపలికి చొరబడుతుంది. ఆ ఆక్సిజన్‌ను చూసి సెన్సరు 'లీన్' అనేస్తుంది. అలాగే ప్లగ్గో కాయిలో పాడై ఒక సిలిండర్ మండకపోతే, అందులోని ఆక్సిజనంతా అలాగే బయటికొస్తుంది. అప్పుడూ 'లీన్' అనే చూపిస్తుంది. అందుకే మిస్సింగ్ ఉన్న బండిలో ముందు ఆ మిస్సింగ్ సంగతి తేల్చుకుని, తర్వాతే లీన్ గురించి ఆలోచించాలి.

దొంగలు ముగ్గురే

నిజంగానే మిశ్రమం లీన్ అయితే కారణాలు వందున్నా అవన్నీ మూడు గుంపుల్లోకే వస్తాయి.

మొదటిది... దొంగగాలి. లెక్కలోకి రాకుండా లోపలికి దూరే గాలి. ఇంజిన్ వేడికి ఏళ్లతరబడి ఉడికిన రబ్బరు పైపులు పెళుసెక్కి పగుళ్లిస్తాయి. పీసీవీ పైపు, బ్రేక్ బూస్టర్ పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్, ఇంజెక్టర్ల అడుగున ఉండే రబ్బరు రింగులు... అన్నీ అనుమానితులే.

రెండోది... చాలని పెట్రోలు. మూసుకుపోయిన ఫ్యూయల్ ఫిల్టర్, నీరసించిన పంపు, ఒత్తిడిని నిలపలేని రెగ్యులేటర్, మడ్డి పట్టిన ఇంజెక్టర్లు. ఎప్పుడూ రిజర్వులోనే నడిపే అలవాటున్నవాళ్లకు ఓ మాట. ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. అది అడుగంటితే పంపు ఆయుష్షూ తగ్గుతుంది.

మూడోది... తప్పుడు సమాచారం. గాలిని కొలిచే సెన్సరుకు దుమ్ము పడితే వచ్చిన గాలికన్నా తక్కువ చెబుతుంది. ఈసీయూ దానికి తగ్గట్టే తక్కువ పెట్రోలు పోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడెక్కిందని టెంపరేచర్ సెన్సరు చెబితే, పొద్దున్నే కావాల్సిన అదనపు పెట్రోలు అందదు. అలాంటి బండి ఉదయంపూట ఏడిపించి, వేడెక్కాక బుద్ధిగా నడుస్తుంది.

ఎప్పుడు వస్తోంది జబ్బు?

డాక్టరు 'జ్వరం పొద్దున వస్తోందా, రాత్రా' అని అడిగినట్టే ఇక్కడా మొదటి ప్రశ్న 'ఎప్పుడు' అన్నదే. బండి ఆగి ఉన్నప్పుడు, అంటే ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా ఉండి, 2,500 ఆర్‌పీఎంకు పెంచగానే మామూలైపోతే దొంగగాలినే అనుమానించాలి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి తక్కువ. అందులో చిన్న చిల్లు ద్వారా వచ్చేదే పెద్ద వాటా అవుతుంది. వేగం పెరిగితే మొత్తం గాలి పెరుగుతుంది, చిల్లు వాటా చిన్నదైపోతుంది. అదీ కిటుకు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా... ఆగినప్పుడు అంతా బాగుండి, వేగం, బరువు పెరిగేకొద్దీ లీన్ అవుతుంటే పెట్రోలు చాలడంలేదన్నమాట. సన్నని కుళాయితో ఒక చెంబు నింపొచ్చు కానీ, గంగాళం నింపాలంటే కష్టం కదా! కొండ ఎక్కేటప్పుడు, ఏసీ వేసుకుని అయిదుగురితో ఓవర్‌టేక్ చేసేటప్పుడు బయటపడే జబ్బు ఇదే. అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉంటే ఇంజెక్టర్లనో, ఒత్తిడినో, గాలిని కొలిచే సెన్సరునో చూడాలి.

పాత కార్ల విషయంలో ఓ మెలిక ఉంది. గాలిని నేరుగా కొలిచే 'మాఫ్' సెన్సరు ఉన్న బండ్లకే దొంగగాలి సూత్రం చక్కగా వర్తిస్తుంది. మన దగ్గరి చాలా చిన్న కార్లలో ఉండేది 'మ్యాప్' సెన్సరు. ఇది మానిఫోల్డ్‌లోని ఒత్తిడిని కొలుస్తుంది. చిల్లులోంచి వచ్చిన గాలి కూడా ఆ ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి ఈసీయూ దానికీ పెట్రోలు పోసేస్తుంది. ఫలితంగా బండి లీన్ అవడం కన్నా, కాలు తీసినా ఆర్‌పీఎం దిగకపోవడం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ తేడా తెలియని షెడ్డులో ఐడ్లింగ్ స్క్రూతో కుస్తీపడతారు. చిల్లు మాత్రం అలాగే ఉంటుంది.

చవక నుంచి ఖరీదుకు...

వెతకడానికీ ఓ వరుసుంది. మొదట కన్ను, చెవి. బానెట్ ఎత్తి పైపులన్నీ వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. 'స్స్...' మనే శబ్దం వినిపించినా ఆచూకీ దొరికినట్టే. తర్వాత పొగ పరీక్ష. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి తక్కువ ఒత్తిడితో పొగ పంపిస్తే చిల్లున్నచోట నుంచి అది బయటికొస్తుంది. కొందరు క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజిన్ శబ్దం మారుతుందేమో చూస్తారు. వేడి ఇంజిన్ మీద మండే ద్రవం చల్లడమంటే నిప్పుతో చెలగాటమే. ఇళ్ల దగ్గర ఎవరూ చేయకూడని పని అది.

అక్కడా ఏమీ దొరక్కపోతే ప్రెషర్ గేజ్. చాలా ఎంపీఎఫ్‌ఐ కార్లలో పెట్రోలు ఒత్తిడి 3 బార్‌కు అటూఇటూగా ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఒక్కటే చూసి 'బాగుంది' అనేస్తే లాభంలేదు. భారం పడినప్పుడు కూడా నిలుస్తోందా అన్నదే అసలు ప్రశ్న. ఇంజెక్టర్లను విప్పి శుభ్రం చేయించడం, సెన్సర్లు మార్చడం ఆఖర్న.

2010కు ముందు కార్లలో కొన్నింటికి ఇప్పటి చిన్న స్కానర్లు పనిచేయవు. మనదేశంలో కార్లకు ఓబీడీ వ్యవస్థ బీఎస్-4తో పాటు 2010 నుంచి దశలవారీగా వచ్చింది. అంతకుముందు బండ్లలో ఎవరి ప్లగ్గు వారిదే. అయినా దిగులు లేదు. మంచి డిజిటల్ మీటరు, ప్రెషర్ గేజ్ ఉంటే చాలావరకూ తేలిపోతుంది. పొల్యూషన్ చెకింగ్ స్లిప్పునూ పారేయకూడదు. అందులో కార్బన్ మోనాక్సైడ్ తక్కువగా, హైడ్రోకార్బన్లు ఎక్కువగా ఉంటే ఏదో సిలిండర్ సరిగా మండడంలేదని, లీన్ మిస్సింగ్ కావచ్చని అనుమానించాలి.

బంకులో మారిన పెట్రోలు

పాత కారు యజమానులను ఈ మధ్య కలవరపెడుతున్నది ఈ20... అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఫిబ్రవరిలో ఎంపిక చేసిన బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతటికీ విస్తరించింది. దీనికీ లీన్‌కూ సంబంధముంది. ఇథనాల్‌లో బరువు ప్రకారం మూడోవంతుకు పైగా ఆక్సిజనే. అంటే ఇంధనమే కొంత గాలిని మోసుకొస్తుందన్నమాట. అందుకే కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాల్సి ఉంటే, ఈ20కి దాదాపు పదమూడున్నర కిలోలు చాలు. పాత లెక్కతోనే పోస్తే మిశ్రమం పలచబడుతుంది.

ఆక్సిజన్ సెన్సరు ఉన్న కారు ఈ తేడాను ట్రిమ్‌తో చాలావరకూ సర్దుకోగలదు. కానీ ఫిల్టరు సగం మూసుకుపోయి, పైపు పగిలి అప్పటికే ప్లస్ పదిహేనులో నడుస్తున్న బండికి ఇక సర్దుకునే చోటే ఉండదు. నిన్నటిదాకా దాగిన జబ్బు అప్పుడు బయటపడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పూర్తిగా తొక్కినప్పుడు ఈసీయూ సెన్సరు మాట వినదు కాబట్టి ఆ వేళల్లో తేడా ఎక్కువగా తెలుస్తుంది. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. పాత పెట్రోలుకు తయారై ఈ10కి సర్దిన కార్లలో ఆరేడు శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. పాత రబ్బరు భాగాలకూ ఇథనాల్ పడకపోవచ్చు. కాబట్టి పైపులు, సీళ్ల మీద ఓ కన్నేసి ఉంచడం మంచిది. అలాగని ప్రతి కుదుపునూ పెట్రోలు మీదికి నెట్టేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు!

ఇంట్లో చూసుకోగలిగేవి

పానా పట్టక్కర్లేకుండా ఎవరైనా చేయగలిగే పనులు కొన్నున్నాయి. జబ్బు ఎప్పుడు వస్తోందో చీటీ మీద రాసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఆగినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? ట్యాంకు నిండుగా ఉందా, అడుగంటిందా? మెకానిక్‌కు ఈ చీటీ స్కానర్ అంత సాయం చేస్తుంది. బ్రేక్ బూస్టర్‌ను పరీక్షించడమూ తేలికే. ఇంజిన్ ఆపి బ్రేకు నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోయినా, బ్రేకు తొక్కినప్పుడల్లా ఇంజిన్ శబ్దం మారుతున్నా ఆలస్యం చేయకుండా చూపించాలి. అది బ్రేకులకు సంబంధించిన విషయం. పెట్రోలు పైపుల జోలికి మాత్రం వెళ్లకూడదు. ఇంజిన్ ఆపినా వాటిలో ఒత్తిడి మిగిలే ఉంటుంది.

షెడ్డులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. 'ఏం మార్చాలి?' అని కాదు... 'ఏం పరీక్షించారు?' అని.

ఇంతకీ ఆ ఇసుక లారీ వెనక ఆగిపోయిన కారు సంగతేమిటి? ఊళ్లో బాగుండి, బరువు లాగేటప్పుడే మొండికేస్తోంది. ఈ లెక్కన అనుమానించాల్సింది రెండో దొంగనే. ప్రెషర్ గేజ్ పెడితే ఐడ్లింగ్‌లో ముల్లు నిలబడుతుంది, భారం పడగానే జారిపోతుంది. ఏళ్లతరబడి మార్చని ఫిల్టర్ విప్పి దులిపితే డికాషన్ లాంటి నీళ్లు, బురద. అది మార్చాక కూడా ఒత్తిడి పడిపోతే అప్పుడు పంపు. అంతేగానీ ప్లగ్గులు, సెన్సర్లూ కాదు. కొత్త సెన్సరు చెప్పిన మాటే పాత సెన్సరు మొదట్నుంచీ చెబుతోంది... ఆకలేస్తోందని. వినాల్సింది మనమే!